వుడ్ శాండ్‌పైపరా, గ్రీన్ శాండ్‌పైపరా? ఒక పంటకాలువ పిట్ట మీద పంచాయితీ

బోదెగట్టు
తణుకు అవతల మా ఊరి లాకు కింద, నీళ్లు తగ్గిన చోట బురదలో, దసరా వెళ్లినప్పటి నుంచి ఒక ఉల్లంకి (శాండ్‌పైపర్ మాదిరి బురద పిట్ట) తిరుగుతోంది. ఒళ్లు గోరింక అంతే, కాళ్లు మాత్రం పొడవు. వీపు ముదురు గోధుమరంగు, దాని మీద తెల్ల చుక్కలు, పొట్ట తెలుపు. నిన్న తీసిన మూడు ఫోటోలు పెడుతున్నాను. మా వాట్సాప్ బృందంలో ఒకరు వుడ్ శాండ్‌పైపర్ అన్నారు, ఒకరు గ్రీన్ అన్నారు, ఇంకొకరు ఫోటో తెరవకుండానే కామన్ శాండ్‌పైపర్ అని తేల్చేశారు.

నా గొడవ పిట్టతో కాదు, పుస్తకాలతో. ఏది తెరిచినా గ్రీన్ కొంచెం ముదురుగా, కొంచెం బలంగా ఉంటుందని, వుడ్ కొంచెం సన్నగా, చుక్కలు ఎక్కువగా ఉంటుందని రాస్తారు. దేనికంటే ముదురు? దేనికంటే సన్నం? నా ఎదుట ఉన్నది ఒక్క పిట్ట. రెండోది వచ్చి పక్కన నిలబడి ఎత్తు చూపిస్తుందా?

బైనాక్యులర్_బాబాయి
ముందు ఆ మూడో ఆయన సంగతి చూద్దాం. కామన్‌కు రొమ్ము పక్కన తెలుపు, మడిచిన రెక్క ముందు నుంచి భుజం వైపు ఎగబాకి ఉంటుంది. మీ ఫోటోల్లో అది లేదు. పైగా కామన్ ఎగిరితే రెక్కలు పూర్తిగా ఎత్తదు. కిందికి వంచి గబగబా నాలుగు కొట్టి, బిగబట్టి నీటికి ఆనుకుని జారిపోతుంది. అప్పుడు రెక్క పొడవునా తెల్ల గీత కనిపిస్తుంది. గ్రీన్‌కూ వుడ్‌కూ ఆ గీత ఉండదు.

ఇక మిగిలింది ఏమిటి? కాలువ, ఒంటరి పిట్ట, లాకు నీడ. గ్రీన్. కళ్లు మూసుకుని రాసుకోండి.

రెక్కల_లెక్క
కళ్లు మూసుకుని రాసుకోబట్టే మన జాబితాలు ఇలా తగలడ్డాయి బాబాయి గారూ. చోటును బట్టి అనుమానించవచ్చు, తీర్పు చెప్పకూడదు. నీళ్లు తగ్గితే వుడ్ కూడా కాలువలోకి దిగుతుంది.

బోదెగట్టు గారి ఫిర్యాదు మాత్రం నూటికి నూరుపాళ్లు న్యాయం. పక్కన రెండో పిట్ట అవసరం లేని గుర్తులు కొన్ని ఉన్నాయి, వాటితోనే మొదలుపెట్టాలి. మొదటిది కంటి పైన తెల్ల గీత. గ్రీన్‌లో అది ముక్కు మొదలు నుంచి కంటి దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. కంటి చుట్టూ తెల్ల వలయం స్పష్టంగా ఉంటుంది. వుడ్‌లో ఆ గీత కన్ను దాటి వెనక్కి, దాదాపు మెడ దాకా సాగుతుంది. కాబట్టి వుడ్ ముఖానికి కనుబొమ ఉన్నట్టు, గ్రీన్ ముఖానికి లేనట్టు అనిపిస్తుంది.

రెండోది రొమ్ము. గ్రీన్‌లో బూడిద గోధుమరంగు చారలు దట్టంగా వచ్చి ఒక్కచోట టక్కున ఆగిపోతాయి, అక్కడి నుంచి తెల్లటి తెలుపు. వుడ్‌లో చారలు పలచబడుతూ పొట్టలోకి కలిసిపోతాయి. ఆగిన హద్దు ఎక్కడో చూపించమంటే చూపించలేం.

ఇప్పుడు మీ ఫోటోలు. ఒకటి, రెండు: గీత కన్ను దగ్గర ఆగింది, రొమ్ముకు హద్దు ఉంది. గ్రీన్. మూడోదాంట్లో గీత కన్ను దాటింది.

ఇంటర్_సెకండియర్
అంటే మూడో ఫోటోలో ఉన్నది వేరే పిట్టా?

బోదెగట్టు
అదే ఉదయం తీసింది. కాకపోతే లాకు దాటి అవతలి గట్టుకు వెళ్లాను. అక్కడ దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీళ్లు పెట్టి దమ్ము చేసిన చేను ఉంది. నా పిట్టే ఎగిరి అక్కడ వాలిందనుకున్నాను.

బైనాక్యులర్_బాబాయి
దమ్ము చేసిన చేనా! ఆ మాట మొదట్లోనే చెబితే సరిపోయేది కదా. లాకు కింద గ్రీన్, చేలో వుడ్. నేను చెప్పిన చోటు సూత్రమే నిలిచింది, గమనించగలరు.

రెక్కల_లెక్క
నిలవలేదు. కనుబొమ చూసి తేల్చాక చోటు కూడా సరిపోయింది. వరస తప్పితే లెక్క తప్పు.

మంజీర_తీరం
మూడో ఫోటో గురించి ఒక మాట. సూర్యుడికి ఎదురుగా తీశారు. ఎదురు వెలుగులో ఏ ఉల్లంకి అయినా నల్లగానే వస్తుంది, వీపు మీద చుక్కలు మాయమవుతాయి. సంగారెడ్డి వైపు చెరువుల్లో పొద్దున్నే తీసిన ఫోటోలు చూసి ఇలాగే గ్రీన్ అని పెట్టేస్తుంటారు. ఫోటో వెలుగు కొంచెం పెంచి చూడండి. మీ మూడో పిట్ట వీపు మీద చుక్కలు పెద్దవిగా, ఈక అంచుల్లో గళ్లు గళ్లుగా తేలతాయి. గ్రీన్ వీపు మీద చుక్కలు సూదితో పొడిచినంత సన్నం. దూరం నుంచి వీపంతా ఒకే ముదురు రంగుగా కనిపిస్తుంది.

ఇంటర్_సెకండియర్
నేను కాళ్ల రంగు చూసి చెప్పేవాడిని. వుడ్‌కు పసుపు, గ్రీన్‌కు ఆకుపచ్చ బూడిద అని కదా?

మంజీర_తీరం
పుస్తకంలో అంతే, చేలో బురద రంగు. మోకాలి దాకా రేగడి పూసుకున్న పిట్ట కాళ్లు ఏ రంగో దాని తల్లికి కూడా తెలియదు. పైగా వుడ్‌లో కూడా ఆకుపచ్చ ఛాయ ఉండేవి ఉంటాయి. కాళ్ల రంగు కంటే పొడవు మేలు. వుడ్ కాస్త ఎత్తుగా, తేలిగ్గా నిలబడుతుంది. గ్రీన్ పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది.

బోదెగట్టు
మళ్లీ "కాస్త" వచ్చింది!

మంజీర_తీరం
వచ్చింది, ఒప్పుకోక తప్పదు. అయితే ఎగిరినప్పుడు చూడండి. వుడ్ కాలి వేళ్లు తోక దాటి వెనక్కి స్పష్టంగా పొడుచుకొస్తాయి. గ్రీన్‌వి తోక చివర దగ్గరే దాదాపు సరిపోతాయి. తోక కూడా చూడొచ్చు, గ్రీన్ తోక మీద నల్ల పట్టీలు తక్కువ, వెడల్పు. వుడ్‌వి సన్నం, ఎక్కువ.

చిత్తడి_చలపతి
ఇంత దూరం వచ్చి అసలైన గుర్తు ఎవరూ చెప్పలేదు. రెక్క అడుగు. గ్రీన్ రెక్క ఎత్తితే కింద నలుపు. వుడ్ ఎత్తితే లేత బూడిద తెలుపు. దీనికి ఫోటో అక్కర్లేదు, పుస్తకం అక్కర్లేదు. దగ్గరికి వెళ్లి చప్పట్లు కొట్టండి, లేస్తుంది, చూసుకోండి, అయిపోయింది.

తడినేల
చప్పట్ల సలహా దయచేసి ఎవరూ పాటించకండి. ఈ పిట్ట వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చింది. మార్చి, ఏప్రిల్‌లో మళ్లీ అంత దూరం వెళ్లాలి. రోజంతా బురదలో పొడుచుకుని కూడబెట్టుకున్న కొవ్వే దానికి దారి బత్తెం. పేరు తెలుసుకోవాలన్న మన సరదాకు దాన్ని లేపడం ఎందుకు?

చిత్తడి_చలపతి
ఒక్కసారి లేపితే కొవ్వు కరిగిపోతుందా? గేదెలు వెళ్తాయి, ట్రాక్టర్లు వెళ్తాయి, గద్ద తిరుగుతుంది. రోజుకు ఎన్నిసార్లు లేస్తుందో లెక్కే లేదు.

తడినేల
అందుకే అంటున్నాను. అన్నిసార్లు ఎలాగూ లేస్తుంది కదా, మీరు కూర్చుని ఉండండి. గేదె లేపినప్పుడు చూడండి. మీ చప్పట్లు అదనం.

రెక్కల_లెక్క
ఈ విషయంలో తడినేల గారి పక్షం నేను. పైగా లేపితే గ్రీన్ ఎలా పోతుందో తెలుసా? అరుస్తూ వంకరటింకరగా నిటారుగా పైకి లేచి, చాలా ఎత్తుకు వెళ్లి, ఎక్కడో అవతలి కాలువలో దిగుతుంది. మీకు వెనక భాగం, తెల్ల నడుము కనిపిస్తాయి. తెల్ల నడుము రెండింటికీ ఉంది. అడుగు చూద్దామని లేపి వీపు చూసి వచ్చినవాళ్లు చాలామంది.

బైనాక్యులర్_బాబాయి
తెల్ల నడుము రెండింటికీ ఉన్నా తేడా ఉందయ్యా. గ్రీన్‌లో చుట్టూ అంతా నలుపు కాబట్టి ఆ తెలుపు కొట్టొచ్చినట్టు ఉంటుంది, చూపు అక్కడే పడుతుంది. వుడ్‌లో గోధుమరంగు మధ్య చిన్నగా ఉంటుంది.

దాళ్వా_రైతు
మా చేలో దమ్ము చేసే రోజు వచ్చి కూర్చోండి, ఎవరినీ లేపక్కర్లేదు. ట్రాక్టర్ ఇనుప చక్రాలు తిరుగుతుంటే వెనకాల తెల్లకొంగలు. అవి పోయాక, బురద కాస్త కుదుటపడి అంగుళం లోతు నీళ్లు నిలిచాక ఇవి దిగుతాయి. ఒక మడిలో పది, పక్క మడిలో ఇరవై. మేం అన్నింటినీ ఉల్లంకులే అంటాం. మీరు చెప్పినట్టు చూస్తే మా చేలో దిగేవన్నీ వుడ్. బోదెల్లో, మురుగు కాలువ తూము దగ్గర ఒక్కటే తిరిగేది గ్రీన్ కావచ్చు. అది మనిషిని చూస్తే ముందే అరుస్తుంది. మందలో ఉన్నవి కొంచెం దగ్గరికి రానిస్తాయి.

పురుగుమందు గుళికలు చల్లిన చేను గట్టు మీద మాత్రం కూర్చోకండి. పిట్టకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

ఇంటర్_సెకండియర్
ఇవి నారుమడి పాడు చేస్తాయా? మా తాతగారు తరిమేస్తుంటారు.

దాళ్వా_రైతు
చేయవు బాబూ. గింజ వీటికి పట్టదు. పురుగులు, నీటి పురుగుల పిల్లలు, చిన్న నత్తలు తింటాయి. విత్తనం చల్లిన రోజు మేం కాపలా కాసేది పావురాల కోసం, పిచ్చుకల కోసం. తాతగారికి చెప్పు.

బోదెగట్టు
అరుపు గురించి కూడా ఎవరైనా చెప్పండి. లాకు దగ్గర పిట్ట పొద్దున ఒకసారి అరిచింది. "ట్లూ-ఈట్, వీట్ వీట్" అన్నట్టు, గట్టిగా, గణగణమంటూ.

రెక్కల_లెక్క
అది గ్రీన్. వుడ్ అరుపు "చిఫ్ ఇఫ్ ఇఫ్", పొడిగా, కోపంగా, వరసగా. ఒకసారి రెండూ విన్నాక ఫోటో తీయాలన్న ఆశే పోతుంది. నా దృష్టిలో మొదటి గుర్తు అరుపు, రెండోది రెక్క అడుగు, మూడోది కనుబొమ. వీపు చుక్కలు ఆఖరున.

మంజీర_తీరం
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. కొత్తవాళ్లకు అరుపు మొదట పెడితే ప్రతి అరుపూ గ్రీన్ అయిపోతుంది. కనుబొమ ఫోటోలో నిలుస్తుంది, పది మందికి చూపించవచ్చు. అరుపును ఎవరికి చూపిస్తారు?

రెక్కల_లెక్క
ఫోనులో రికార్డు చేసి.

మంజీర_తీరం
పక్కన డీజిల్ ఇంజను నడుస్తుంటే?

రెక్కల_లెక్క
అప్పుడు మీరే గెలిచారు.

మంచుదేశం
హెల్సింకి నుంచి రాస్తున్నాను. మీరు ఏప్రిల్‌లో సాగనంపే పిట్టల రెండో ఇల్లు మా వైపే అనుకోవచ్చు. సరిగ్గా మీ చేలో పిట్టే ఇక్కడికి వస్తుందని కాదు, మీకు వచ్చేవి ఎక్కువగా రష్యా, సైబీరియా వైపువి కావచ్చు. జాతులు మాత్రం అవే.

రెండింటికీ ఇక్కడ అసలు పోలికే ఉండదు. గ్రీన్ దక్షిణ ఫిన్లండ్‌కు ఏప్రిల్‌లోనే వచ్చేస్తుంది, అడవిలో మంచు ఇంకా పూర్తిగా కరగదు. అది గుడ్లు పెట్టేది చెట్టు మీద! తాను గూడు కట్టదు. థ్రష్ పిట్టలు కిందటేడాది వదిలేసిన గూడులో, ఒక్కోసారి ఉడుత గూడులో నాలుగు గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు ఒళ్లు ఆరగానే అంత ఎత్తు నుంచి నేల మీదికి దూకేస్తాయి. దూదిపింజె అంత బరువు కాబట్టి ఏమీ కాదు.

వుడ్ తర్వాత వస్తుంది, ఏప్రిల్ చివర, మే. చెట్లు పలచగా ఉన్న బురద మైదానాల్లో, గడ్డి మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. ఎప్పుడో అరుదుగా అది కూడా పాత గూడు వాడుకుంటుంది. మగ పిట్ట గాలిలో పైకీ కిందికీ తేలుతూ "లిరో లిరో లిరో" అని గంటల తరబడి పాడుతుంది. దమ్ము చేలో తల దించుకుని పొడుచుకునే పిట్టను మాత్రమే చూసినవాళ్లకు ఆ పాట వింటే నమ్మబుద్ధి కాదు. మే నెలలో మా ఊరి వీక్కి ఖాతం దగ్గర దారి మజిలీగా గుంపులు దిగుతాయి, వేసవి మధ్యలోనే మళ్లీ దక్షిణం వైపు ప్రయాణం మొదలు.

బైనాక్యులర్_బాబాయి
ఇప్పుడు అర్థమైంది. కొల్లేరు వైపు ఆగస్టులోనే గ్రీన్ కనిపిస్తే మావాళ్లు "ఇంత తొందరగానా, తప్పు చూసి ఉంటారు" అంటారు.

మంచుదేశం
తప్పు కాదు. గ్రీన్ ఆడ పిట్టలు పిల్లలు ఎగరడం నేర్చుకోకముందే బయలుదేరతాయి, పిల్లల కాపలా మగదానిది. జూన్‌లోనే ప్రయాణం మొదలైతే ఆగస్టుకు మీ దగ్గర ఉండటంలో వింత లేదు.

తడినేల
అమ్మగారు సెలవులకు వెళ్లిపోయారు, నాన్నగారు పిల్లలతో ఇంట్లో. బాగుంది.

రెక్కల_లెక్క
ఆగస్టు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అప్పుడు వచ్చే పెద్ద పిట్టల ఈకలు అరిగిపోయి ఉంటాయి. వుడ్ వీపు మీద లేత చుక్కలు ఉండేది ఈక అంచులోనే. అంచు అరిగితే చుక్క పోతుంది, పిట్ట ముదురుగా, సాదాగా, అచ్చం గ్రీన్ మాదిరి తయారవుతుంది. అదే సమయంలో ఆ ఏడాది పుట్టిన వుడ్ పిల్లలు లేత పసుపు చుక్కలతో మెరిసిపోతుంటాయి. రెండూ ఒకే మడిలో ఉంటే రెండు జాతులు అని రాసేస్తారు. వీపును ఆఖరున పెట్టమన్నది ఇందుకే. రెక్క అడుగు అరిగినా రంగు మారదు.

చిత్తడి_చలపతి
అంటే చివరికి నా రెక్క అడుగే గెలిచింది. చప్పట్లు లేకుండా.

జెర్సీ_గట్టు
మంచుదేశం గారు చెప్పిన చెట్టు గూడు సంగతికి మా అమెరికా తోక ఒకటి తగిలిస్తాను. ఇక్కడ సాలిటరీ శాండ్‌పైపర్ అని ఉంది. న్యూజెర్సీలో మే మొదట్లో, మళ్లీ జులై నుంచి వాన నీటి గుంటల దగ్గర ఒంటరిగా దొరుకుతుంది. చూస్తే గ్రీన్ అన్నదమ్ముడే. కంటి చుట్టూ తెల్ల వలయం, ముదురు రెక్క అడుగు, అదే ఒంటరి బుద్ధి. ఒక్క నడుము మాత్రం తెలుపు కాదు, ముదురు. ఇది కూడా పాత గూళ్లలో, చెట్ల మీదే గుడ్లు పెడుతుంది. 1813లో పక్షి శాస్త్రవేత్త అలెగ్జాండర్ విల్సన్ దీనికి పేరు పెట్టాడు, గూడు మాత్రం 1903 దాకా ఎవరికీ దొరకలేదు. తొంభై ఏళ్లు అందరూ నేల మీద వెతికారు! చివరికి కెనడాలోని అల్బర్టాలో చెట్టు మీద దొరికింది.

ఇంటర్_సెకండియర్
అయితే గ్రీన్, వుడ్, సాలిటరీ ముగ్గురూ ఒకే కుటుంబమా?

జెర్సీ_గట్టు
మూడూ ట్రింగా ప్రజాతే. కానీ 2005లో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం ప్రకారం గ్రీన్‌కు అతి దగ్గరి చుట్టం సాలిటరీ. వుడ్ మాత్రం రెడ్‌షాంక్, మార్ష్ శాండ్‌పైపర్‌ల వైపు చేరింది. అంటే మనం ఇక్కడ తల పట్టుకుంటున్న జంట ఒకరికొకరు అంత దగ్గరి బంధువులేమీ కాదు. ఒక గూటి పోలిక ఉన్నంత మాత్రాన ఒక గూటివి కావు.

బైనాక్యులర్_బాబాయి
రెడ్‌షాంకా! ఎర్ర కాళ్లేసుకుని కోరింగ మడ అడవుల్లో తిరిగేదానికీ, మా చేలో దానికీ చుట్టరికమా? నేను నమ్మను.

జెర్సీ_గట్టు
నమ్మకపోతే జన్యువులకు వచ్చిన నష్టం లేదు బాబాయి గారూ.

బైనాక్యులర్_బాబాయి
జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1758లో గ్రీన్‌కూ వుడ్‌కూ ఒకే పుస్తకంలో పేర్లు పెట్టాడు. అప్పటి నుంచి పక్కపక్కనే ఉన్నవాళ్లను ఇప్పుడు విడదీస్తామంటే ఎలా?

రెక్కల_లెక్క
ఆయన అందులో కామన్ శాండ్‌పైపర్‌ను కూడా ట్రింగాలోనే పెట్టాడు. ఆయన మాట పట్టుకుంటే బోదెగట్టు గారి మూడో స్నేహితుడు కూడా సగం గెలుస్తాడు.

బోదెగట్టు
ఈ రోజు తడినేల గారి మాట విని లాకు మెట్ల మీద కదలకుండా కూర్చున్నాను. ఎనిమిది గంటలకు గేదెలు నీళ్లలోకి దిగాయి, పిట్ట లేచింది. రెక్క అడుగు నలుపు, అనుమానం లేదు. అదే "ట్లూ-ఈట్" అరుపు. ఫోటో మసకగా వచ్చింది కానీ నలుపు తెలుస్తోంది. లాకు పిట్టకు గ్రీన్ అని ఈబర్డ్‌లో (చూసిన పిట్టల జాబితాలు ఎక్కించే వెబ్‌సైట్) ఎక్కించాను.

చేను పిట్ట సంగతే మిగిలింది. ఈ రోజు అక్కడ ఎనిమిది ఉన్నాయి. దగ్గరగా ఉన్న అయిదింటికి కనుబొమ సాగి ఉంది. మిగతా మూడూ దూరం, మంచు, ఏమీ తెలియలేదు. ఎనిమిదీ వుడ్ అని రాయనా?

బైనాక్యులర్_బాబాయి
రాసేయండి. దమ్ము చేలో మందగా ఉంటే ఇంకేమిటి?

రెక్కల_లెక్క
అయిదు వుడ్ అని రాయండి. మిగతా మూడింటికి జాతి తేల్చకుండా ట్రింగా అని మాత్రమే రాసే వీలు అందులో ఉంది, అది వాడండి. వుడ్ మందలో మార్ష్ శాండ్‌పైపర్ ఒకటి కలిసి తిరగడం మామూలే. దూరం నుంచి, మంచులో, సూది ముక్కు కనిపించకపోతే అది కూడా ఒక ఉల్లంకే.

మంజీర_తీరం
రెక్కల_లెక్క గారితో ఏకీభవిస్తున్నాను. తారీఖు వేసి దాచుకోండి, ఇది ఈ చర్చా దారంలో రెండోసారి.

దాళ్వా_రైతు
మంచు తొమ్మిదింటికి విడిపోతుంది. అప్పటిదాకా ఆగి, టీ తాగి వెళ్లి చూడండి. చేలో నీళ్లు ఇంకో నాలుగు రోజులు ఉంటాయి. తర్వాత నాట్లు వేస్తారు. మనుషులు దిగితే అవి పక్క మడికి మారతాయి, మొక్క ఎత్తు పెరిగాక ఇక దిగవు.

ఇంటర్_సెకండియర్
మా చెరువు దగ్గర పిచ్చుక అంత ఉల్లంకులు రెండు ఉన్నాయి. ఒకదానికి కాళ్లు నల్లగా, ఒకదానికి పసుపుగా. లిటిల్ స్టింట్, టెమ్మింక్ స్టింట్ అనుకుంటున్నాను. ఫోటోలు ఇక్కడ పెట్టనా?

రెక్కల_లెక్క
దానికి వేరే దారం తెరువు. కాళ్ల బురద కడిగిన తర్వాత.